గోడకి చెవులున్నాయి సరే, బుద్ధి ఉంటే?

పోయిన సెమ్‌లో నెట్‌వర్క్స్ ల్యాబ్ అయిపోయాక మా రూమ్‌మేట్, నేను కలిసి ఒక పని చేశాం. వాడి ఫోన్‌లో హాట్‌స్పాట్ ఆన్ చేసి, నా ట్యాబ్‌ని దానికి కలిపి, ఒక పాత ల్యాప్‌టాప్‌ని మానిటర్ మోడ్‌లో పెట్టాం. మానిటర్ మోడ్ అంటే ఆ వైఫై కార్డు తన పేరు మీద వచ్చిన ఫ్రేములే కాదు, ఆ ఛానల్‌లో తనకి వినబడ్డ ప్రతి ఫ్రేమునీ పట్టి చూపిస్తుంది. మెసేజ్‌లు, పాస్‌వర్డులు ఏవీ కనబడలేదు. అంతా ఎన్‌క్రిప్ట్ అయి ఉంది. కానీ ట్యాబ్‌లో వీడియో పెట్టగానే స్క్రీన్ మీద ఫ్రేములు వరదలా వచ్చాయి. ఆపగానే ఆగిపోయాయి. చాట్ చేస్తుంటే చిన్న చిన్న ఫ్రేములు, ఆగి ఆగి. లోపల ఏముందో తెలియకపోయినా నేను ఏం చేస్తున్నానో బయట కూర్చున్నవాడు చెప్పేయొచ్చు. ల్యాప్‌టాప్ పట్టుకుని కారిడార్‌లోకి వెళ్లి తలుపు వేసినా అదే కథ.

"గోడలకి చెవులుంటాయని మా నానమ్మ ఊరికే అనలేదు రా" అన్నాడు మా వాడు.

ఆ రాత్రి నుంచి ఈ సబ్జెక్టు నన్ను పట్టుకుంది. వైర్‌లెస్ అంటే ఎంత చదువుకున్నా చివరికి అది కేక వేసి మాట్లాడటమే. రౌటర్ మన ఫోన్ ఎక్కడుందో దాని చెవిలో గుసగుసలాడదు. నలువైపులా కేక వేస్తుంది. మన ఫోన్ వింటుంది, పక్క గది వింటుంది, కింద టీ కొట్టు దగ్గర నిలబడ్డవాడికి మంచి యాంటెన్నా ఉంటే వాడూ వింటాడు. ఇప్పటిదాకా మన జవాబు ఒక్కటే: వింటే విననీ, అర్థం కాకుండా మాట్లాడదాం. అదే ఎన్‌క్రిప్షన్. ఇంకో జవాబు కూడా ఉంది: అసలు వాడికి వినబడకుండా చేద్దాం. దానికి గోడనే వాడుకుందాం. ఈ రెండో జవాబు గురించే ఈ వ్యాసం.

ఎన్‌క్రిప్షన్ ఉండగా ఇదెందుకు అని మీరు అడగొచ్చు. నేనూ అడిగాను. ఒకటి, తాళాలు విరుగుతాయి. వైఫైకి మొదట పెట్టిన తాళం వెప్‌ని 2001లో ఫ్లూరర్, మాంటిన్, షమీర్ అనే ముగ్గురు విరగ్గొట్టి చూపించారు. ఆ తర్వాత గట్టిదని అందరూ నమ్మిన డబ్ల్యూపీఏ2లో కూడా 2017లో క్రాక్ అనే లోపం బయటపడింది. రెండు, ఈ రోజు విరగకపోయినా రేపు విరగొచ్చు. క్వాంటమ్ కంప్యూటర్ పెద్దదైతే ఆర్ఎస్ఏ లాంటివి నిలబడవని 1994లోనే పీటర్ షోర్ అల్గారిథమ్ రాసి చూపించాడు. కాబట్టి ఓపిక ఉన్నవాడు ఇవాళ గాల్లోది రికార్డు చేసి దాచుకుని, పదేళ్ల తర్వాత విప్పుకోవచ్చు. దానికి తట్టుకునే కొత్త తాళాలు కూడా వచ్చాయి, 2024లో అమెరికా స్టాండర్డ్స్ సంస్థ నిస్ట్ మూడింటిని ఖాయం చేసింది. కానీ తాళం ఎంత కొత్తదైనా, పైన మా రూమ్‌లో చూసినట్టు, పెట్టె కదలికలు మాత్రం బయటికి కనబడుతూనే ఉంటాయి. పెట్టే కనబడకపోతే?

ఈ ఆలోచనకి వయసు చాలా ఉంది. 1949లో క్లాడ్ షానన్ రహస్య సమాచారం మీద ఒక పేపర్ రాశాడు. అందులో ఆయన ఊహ ఏమిటంటే, చాటుగా వినేవాడికి అసలు మనిషికి అందినదంతా తు.చ. తప్పకుండా అందుతుంది. అలాంటప్పుడు పూర్తి రహస్యం కావాలంటే మెసేజ్ ఎంత పొడుగుంటే తాళంచెవీ అంత పొడుగుండాలి అని తేల్చాడు. పెళ్లి పిలుపు పంపడానికి ముందు అంతే పెద్ద కార్డు ఇంకోటి రహస్యంగా పంపాలన్నమాట. పని కాదు.

1975లో బెల్ ల్యాబ్స్ జర్నల్‌లో ఆరన్ వైనర్ ఆ ఊహనే మార్చేశాడు. చాటుగా వినేవాడికి అంతా సరిగ్గా ఎందుకు అందాలి? వాడు దూరంగా ఉండొచ్చు, మధ్యలో గోడ ఉండొచ్చు, వాడికి వచ్చే సిగ్నల్‌లో తప్పులు ఎక్కువ ఉండొచ్చు. అలా ఉంటే తాళంచెవి అసలు లేకుండానే రహస్యం చెప్పొచ్చు అని నిరూపించాడు. నాకు మొదట ఇది మాయలాగా అనిపించింది. ఒక చిన్న ఉదాహరణతో పడింది. మనం 0 పంపాలంటే 00 గానీ 11 గానీ, బొమ్మా బొరుసూ వేసి ఏదో ఒకటి పంపుదాం. 1 పంపాలంటే 01 గానీ 10 గానీ. మన ఫోన్‌కి రెండు బిట్లూ అందుతాయి, రెండూ ఒకటేనా కాదా అని చూసుకుంటుంది, అయిపోయింది. చాటున ఉన్నవాడికి రెండింటిలో ఒకటి చెదిరిపోయింది అనుకోండి. వాడి చేతిలో ఉన్న 0 ఏం చెబుతుంది? ఏమీ చెప్పదు. 00 అయి ఉండొచ్చు, 01 అయి ఉండొచ్చు, రెండింటికీ సమానమైన అవకాశం. వాడి దగ్గర ప్రపంచంలోని కంప్యూటర్లన్నీ ఉన్నా సరే, లేని సమాచారాన్ని లెక్కపెట్టి తీయలేడు. గణితం కష్టంగా ఉందనే నమ్మకం మీద కాకుండా వాడికి నిజంగా అందలేదు అనే దాని మీద నిలబడ్డ రహస్యం ఇది. నాకు ఇందులో బాగా నచ్చింది అదే.

పాఠ్యపుస్తకాల్లో ఈ చాటున ఉన్నవాడి పేరు ఈవ్. మనం చాటుగాడు అనుకుందాం. అసలు వినాల్సిన అమ్మాయి స్వాతి.

వైనర్ లెక్క ప్రకారం, ఇప్పుడు మనం రేడియోకి వాడే రూపంలో చెప్పుకుంటే, రహస్యంగా పంపగలిగే వేగం అంటే స్వాతి ఛానల్ మోయగలిగే బిట్ల నుంచి చాటుగాడి ఛానల్ మోయగలిగే బిట్లు తీసేస్తే మిగిలేది. మైనస్ వస్తే సున్నా. ఇక్కడే గొడవ. స్వాతి మూడో అంతస్తులో మూల గదిలో ఉండి, చాటుగాడు రౌటర్ పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంటే రహస్యం సున్నా. భౌతికశాస్త్రం ఎవరివైపు ఉంటే వాడిదే గెలుపు. అందుకే చాలా ఏళ్లు ఇది అందమైన థియరీగానే ఉండిపోయింది. ఛానల్ అనేది దేవుడిచ్చింది, దాన్ని మనం మార్చలేం అనే లెక్కలో అందరూ ఉండేవాళ్లు.

ఛానల్‌ని మార్చొచ్చు అని చెప్పేవే ఈ తెలివైన గోడలు. పూర్తి పేరు రీకాన్ఫిగరబుల్ ఇంటెలిజెంట్ సర్ఫేస్, ముద్దుగా ఆర్ఐఎస్. కొందరు ఐఆర్ఎస్ అంటారు, ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్లు గుర్తొస్తారు కాబట్టి నేను ఆర్ఐఎస్ అనే రాస్తాను.

చూడటానికి అదొక పెద్ద సర్క్యూట్ బోర్డు. దాని మీద బాత్‌రూమ్ టైల్స్‌లా వరుసగా చిన్న చిన్న రాగి ముక్కలు. ఒక్కో ముక్క సైజు సుమారుగా సిగ్నల్ తరంగదైర్ఘ్యంలో సగం, లేదా ఇంకా తక్కువ. 2.4 గిగాహెర్ట్జ్ వైఫైకి తరంగదైర్ఘ్యం 12.5 సెంటీమీటర్లు కాబట్టి ముక్కకి ముక్కకి మధ్య ఆరు సెంటీమీటర్లు. 28 గిగాహెర్ట్జ్ 5జీ అయితే అర సెంటీమీటరు చాలు. ప్రతి ముక్క దగ్గరా ఒక పిన్ డయోడ్ ఉంటుంది. డయోడ్‌కి వోల్టేజ్ ఇస్తే రాగిలో కరెంటు తిరిగే దారి మారుతుంది. దాంతో ఆ ముక్క నుంచి తిరిగి వెళ్లే తరంగం ఫేజ్ మారుతుంది.

ఫేజ్‌ని తెలుగులో దశ అంటారని ఈ వ్యాసం కోసమే తెలుసుకున్నా. నాకు దశ అనగానే పంచాంగం గుర్తొస్తుంది, శని దశ, శుక్ర దశ. ఆలోచిస్తే అదీ తప్పేం కాదు. రెండు తరంగాలు ఒకే దశలో వచ్చి కలిస్తే శుక్ర మహర్దశ, శిఖరం మీద శిఖరం పడి సిగ్నల్ పెరుగుతుంది. 180 డిగ్రీల తేడాతో వస్తే శిఖరం లోయలో పడి రెండూ చచ్చిపోతాయి. మామూలు గోడ కూడా సిగ్నల్‌ని తిప్పి కొడుతుంది కానీ ఏ దశలో కొట్టాలో దానికి తెలియదు. ఆర్ఐఎస్ గోడకి మనం చెప్పొచ్చు. డయోడ్ ఆఫ్ అంటే 0 డిగ్రీలు, ఆన్ అంటే 180. ఒక్కో ముక్కకి ఒక్కో బిట్. సాఫ్ట్‌వేర్ నుంచి గోడని ప్రోగ్రామ్ చేయడమే ఇది. ఇలాంటి కోడింగ్ మెటామెటీరియల్ ఆలోచనని 2014లో చైనాలో టై జున్ కుయ్ బృందం ప్రచురించింది. యాంప్లిఫయర్ లేదు, సొంతంగా సిగ్నల్ పుట్టించదు, ఉన్నదాన్నే మళ్లిస్తుంది. అందుకే కరెంటు ఖర్చు తక్కువ.

ఇప్పుడు లెక్క వేద్దాం. నేను నోట్‌బుక్‌లో వేసుకున్నదే ఇక్కడ పెడుతున్నా, కాలిక్యులేటర్ పక్కన పెట్టుకుని చదవండి.

నాయిస్‌ని 1 అనుకుందాం. రౌటర్ నుంచి స్వాతికి నేరుగా వచ్చే సిగ్నల్ ఆంప్లిట్యూడ్ 2, అంటే పవర్ 4. చాటుగాడు దగ్గరున్నాడు కాబట్టి వాడికి ఆంప్లిట్యూడ్ 4, పవర్ 16. షానన్ సూత్రం ప్రకారం, ఒకటికి ఆ నిష్పత్తి కలిపి బేస్ 2 లాగ్ తీస్తే, స్వాతికి 2.32 బిట్లు, చాటుగాడికి 4.09 బిట్లు, ఒక్కో సెకనుకి ఒక్కో హెర్ట్జ్‌కి. తీసివేస్తే మైనస్. రహస్యం సున్నా.

గోడ మీద 100 ముక్కల ఆర్ఐఎస్ పెడదాం. ఒక్కో ముక్క నుంచి వచ్చేది చాలా చిన్నది, 0.05 అనుకుందాం. దశల్ని స్వాతి కోసం సరిచేస్తే వంద ముక్కలూ ఒకే గొంతుతో ఆమె దగ్గరికి చేరతాయి: 100 సార్లు 0.05, అంటే 5. నేరుగా వచ్చే 2తో కలిపితే 7, పవర్ 49. ఇప్పుడు స్వాతికి 5.64 బిట్లు. అవే వంద తరంగాలు చాటుగాడి చోటుకి వెళ్లేసరికి ఒక్కోటి ఒక్కో దూరం ప్రయాణించి దశలు చెల్లాచెదురవుతాయి. చెల్లాచెదురైన వంద కలిస్తే వంద రెట్లు కాదు, వర్గమూలం, అంటే పది రెట్లే: 0.5. వాడి సగటు పవర్ 16.25 అవుతుంది, 4.11 బిట్లు. తేడా 1.53. సున్నాగా ఉన్న రహస్యం 20 మెగాహెర్ట్జ్ వైఫై ఛానల్ మీద సెకనుకి 30 మెగాబిట్లయింది. రౌటర్ కదల్లేదు, స్వాతి కదల్లేదు, చాటుగాడు అదే కుర్చీలో ఉన్నాడు.

ఇక్కడ ఆగకుండా ఇంకోలా ప్రయత్నించాను. ముక్కల్లో 80 తీసి చాటుగాడి మీదికి పంపుదాం, కానీ సరిగ్గా వ్యతిరేక దశలో. 80 సార్లు 0.05 అంటే 4. వాడికి నేరుగా వచ్చేది కూడా 4. రెండూ కొట్టుకుని పోతాయి. వాడి దగ్గర మిగిలేది మిగతా 20 ముక్కల చిల్లర, 0.07 బిట్లు. ఆ 20 ముక్కలు స్వాతి వైపు కాబట్టి ఆమెకి 2 కాస్తా 3 అవుతుంది, 80 ముక్కల చిల్లరతో కలిపి పవర్ 9.2, సుమారు 3.35 బిట్లు. తేడా దాదాపు 3.3. ముందు పద్ధతికి రెట్టింపు కంటే ఎక్కువ!

నేను లెక్క తప్పేమో అనుకుని మూడుసార్లు చూశాను. తప్పు లేదు. కారణం ఆ లాగ్ గ్రాఫే. పైకి వెళ్లేకొద్దీ అది చదునవుతుంది. స్వాతికి పవర్ 4 నుంచి 49కి పెంచినా మూడు బిట్లే పెరిగాయి. చాటుగాడిని నేల మట్టం చేస్తే వాడి నాలుగు బిట్లూ పోయాయి. మన గొంతు పెంచడం కంటే వాడి చెవి మూయడం లాభం. 2019లో మియావో కుయ్, గువాంగ్‌చి ఝాంగ్, రుయ్ ఝాంగ్ రాసిన పేపర్ సరిగ్గా ఇలాంటి కష్టమైన కేసే తీసుకుంది. చాటుగాడి ఛానల్ స్వాతి ఛానల్ కంటే బలంగా ఉన్నా, పైగా ఇద్దరూ ఒకే దిశలో ఉన్నా, గోడ సాయంతో రహస్యం సాధ్యమే అని చూపించింది.

ఇంత బాగుంటే మన హాస్టల్‌లో ఎందుకు లేదు? చాలా కారణాలు.

మొదటిది మన బ్రాంచ్ వాళ్లకి నచ్చే కారణం. 256 ముక్కలు, ఒక్కోదానికి ఒక బిట్. మొత్తం సెట్టింగులు రెండు పవర్ 256, అంటే 78 అంకెల సంఖ్య. అన్నీ ప్రయత్నిస్తూ కూర్చుంటే సప్లీలు కూడా అయిపోతాయి. కాబట్టి ఒక్కో ముక్కని తిప్పి చూసి, మెరుగైతే ఉంచి, లేకపోతే వెనక్కి పెట్టి, తర్వాతి ముక్కకి వెళ్లే పద్ధతి లాంటివి వాడతారు. అత్యుత్తమం దొరుకుతుందని గ్యారంటీ లేదు, చాలావరకు మంచిది దొరుకుతుంది. పైగా ఒక్క బిట్ అంటే దశకి రెండే ఎంపికలు కదా, ముక్కలు ఎక్కువున్నప్పుడు ఆదర్శ పవర్‌లో 40 శాతమే గోడ నుంచి అందుతుంది. రెండు బిట్లిస్తే 81 శాతం. నా లెక్కలో ఏ దశ కావాలంటే ఆ దశ దొరుకుతుందని అనుకున్నాను, అది కొంచెం మోసమే.

రెండోది దూరం. సిగ్నల్ రౌటర్ నుంచి గోడకి వెళ్లేటప్పుడు ఒకసారి బలహీనపడుతుంది, గోడ నుంచి స్వాతికి వెళ్లేటప్పుడు మళ్లీ బలహీనపడుతుంది. రెండు నష్టాలూ గుణించుకుంటాయి. 20 మీటర్ల దారిలో గోడ సరిగ్గా మధ్యలో ఉంటే 10 ఇంటూ 10, వంద. స్వాతికి 2 మీటర్ల దగ్గరగా పెడితే 2 ఇంటూ 18, 36 మాత్రమే. పవర్ దీని వర్గంతో తగ్గుతుంది కాబట్టి రెండో చోట దాదాపు ఎనిమిది రెట్లు మేలు. అంటే గోడని ఏదో ఒక చివర దగ్గర పెట్టాలి, మధ్యలో అందంగా తగిలించకూడదు.

మూడోదే అసలు చిక్కు. నా రెండో పద్ధతిలో చాటుగాడి సిగ్నల్‌ని సరిగ్గా చంపాలంటే వాడి ఛానల్ మనకి తెలియాలి. వాడెక్కడున్నాడో మనకి చెప్పి కూర్చుంటాడా? వాడు ఏమీ పంపడు, వింటాడంతే. ఒకవేళ తెలిసినా, కుర్చీ ఆరు సెంటీమీటర్లు జరిపితే 2.4 గిగాహెర్ట్జ్‌లో దశలు తారుమారై మన లెక్కంతా నీళ్లపాలు. ఈ విషయం మీద వచ్చిన పేపర్లలో చాలావాటిలో "చాటుగాడి ఛానల్ తెలుసు అనుకుందాం" అనే ఒక్క వాక్యం మొదట్లో ఎక్కడో ఉంటుంది. ఇకపై అలాంటి పేపర్ చదివితే ముందు ఆ వాక్యం వెతకండి. వాడు ఇదే నెట్‌వర్క్‌లో ఉన్న ఇంకో యూజర్ అయితే ఆ ఊహ కొంతవరకు న్యాయమే, రౌటర్‌కి వాడి ఛానల్ తెలుస్తుంది. అనామకుడైతే కాదు. అప్పుడు ఇంకో దారి: రౌటర్ కావాలనే కొంత కృత్రిమ నాయిస్ కలిపి పంపుతుంది, అది స్వాతి ఉన్న చోట మాత్రం రద్దయ్యేలా యాంటెన్నాల్ని, గోడని సర్దుతారు. మిగతా అందరి చెవిలోనూ హోరు. వాడెక్కడున్నా పర్లేదు, స్వాతి ఎక్కడుందో తెలిస్తే చాలు.

మాటలు దాచడం సంగతి పక్కన పెడితే, నాకు ఎక్కువ నచ్చిన ప్రయోగం వేరే ఉంది. మన గదిలో మనిషి కదిలితే వైఫై తరంగాల దారులు మారతాయి. బయట నిలబడి ఆ మార్పులు చూసేవాడు ఎన్‌క్రిప్షన్ విప్పకుండానే ఇంట్లో ఎవరైనా ఉన్నారా లేదా చెప్పగలడు. దొంగకి అంతకంటే ఏం కావాలి? దీనికి విరుగుడుగా జర్మనీలో రూర్ యూనివర్సిటీ బోహుమ్, మాక్స్ ప్లాంక్ పరిశోధకుల బృందం ఐఆర్‌షీల్డ్ అనేది చేసి 2022లో ప్రచురించింది. వైఫై పరికరం దగ్గర ఒక చిన్న ఆర్ఐఎస్ పెట్టి దాని సెట్టింగుల్ని ఒక పద్ధతిలో యాదృచ్ఛికంగా మారుస్తూ ఉంటారు. బయటివాడికి గదిలో ఎప్పుడూ ఏదో కదులుతున్నట్టే కనబడుతుంది. నిజం మనిషి కదలిక ఆ గందరగోళంలో కలిసిపోతుంది. చాటుగాడు ఎక్కడున్నాడో తెలియక్కర్లేదు, పెద్ద ఆప్టిమైజేషన్ అక్కర్లేదు, ఉన్న రౌటర్‌ని మార్చక్కర్లేదు. మా రూమ్‌లో కనబడ్డ ఫ్రేముల సమస్యకి ఇది జవాబు కాదు, కానీ దాని అన్నయ్య లాంటి సమస్యకి జవాబు.

అయితే కత్తి ఎవరి చేతిలో ఉంటే వాళ్లది. అదే 2022లో అమెరికాలో రైస్, బ్రౌన్ యూనివర్సిటీల వాళ్లు దాడి చేసేవాడి వైపు నుంచి ఆలోచించారు. మామూలు ప్రింటర్, కాగితం, మెరిసే లోహపు రేకు, లామినేటర్ వాడి ఒక మెటాసర్ఫేస్ తయారు చేశారు. మన కాలేజీ గేటు ముందు జిరాక్స్ షాపులో దాదాపు ఇవన్నీ ఉంటాయి. దాన్ని 150 గిగాహెర్ట్జ్ బీమ్ దారిలో పెడితే బీమ్‌లో చాలా భాగం మామూలుగానే అసలు మనిషికి వెళ్లిపోతుంది, కొంచెం మాత్రం పక్కకి, చాటుగాడి వైపు మళ్లుతుంది. అంత సన్నటి బీమ్‌ని మధ్యలో ఎవరూ వినలేరని అప్పటిదాకా ఒక ధీమా ఉండేది. దానికి డయోడ్లు లేవు, ప్రోగ్రామింగ్ లేదు, ఉట్టి కాగితం.

ప్రస్తుతం ఇవి ఎక్కడిదాకా వచ్చాయంటే, జపాన్‌లో డొకొమో, గాజు కంపెనీ ఏజీసీ కలిసి 2020లో 28 గిగాహెర్ట్జ్‌కి పారదర్శకమైన మెటాసర్ఫేస్‌ని పరీక్షించాయి. కిటికీ అద్దంలాగే ఉంటుంది. యూరప్ స్టాండర్డ్స్ సంస్థ ఎట్సీ 2021లో దీనికోసం ప్రత్యేక గ్రూపు పెట్టింది. వాళ్ల ముఖ్య ఉద్దేశం కవరేజీ, సిగ్నల్ అందని మూలలకి అందించడం. భద్రత ఆ వెనకాల వస్తోంది.

నాకు మిగిలిన సందేహం హార్డ్‌వేర్ గురించి కాదు. ఆ గోడకి ఒక కంట్రోలర్ ఉంటుంది. ఏ ముక్క ఆన్, ఏ ముక్క ఆఫ్ అని చెప్పే ఆ చిన్న బోర్డు కూడా ఏదో ఒక వైర్ మీదో, రేడియో మీదో ఆర్డర్లు తీసుకుంటుంది. దాని పాస్‌వర్డ్ ఎవరో మార్చకుండా అడ్మిన్, అడ్మిన్ అని వదిలేస్తే, స్వాతి కోసం కట్టిన వంద ముక్కలూ బుద్ధిగా చాటుగాడి వైపు తిరుగుతాయి. నా లెక్కలో ఆ కేసు కూడా వేశాను: వాడి 4 కాస్తా 9 అవుతుంది, పవర్ 81, 6.36 బిట్లు.

మా వింగ్ గ్రూపులో అడిగాను, హాస్టల్‌లో ఇలాంటి గోడ పెడితే కంట్రోల్ ఎవరి దగ్గర ఉండాలి అని. పది నిమిషాలు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఒకడు "వార్డెన్ దగ్గర తప్ప ఎవరి దగ్గరైనా" అని పెట్టాడు, పద్నాలుగు థంబ్స్ అప్ పడ్డాయి.